క్రిస్టియన్ యూనివర్సిటీ చెప్పుకునే వారసత్వం, మిషన్, విలువలు: ఎంతవరకు నమ్మొచ్చు?

చదివేవాళ్ళకు తెలియడానికి మీ ప్రశ్న క్లుప్తంగా మళ్ళీ రాస్తున్నాను. మీ అమ్మాయికి ఒక క్రిస్టియన్ యూనివర్సిటీలో సీటు వచ్చింది. మీరు క్రైస్తవులు కారు. ప్రాస్పెక్టస్ తెరవగానే మా వారసత్వం, మా మిషన్ (అంటే సంస్థ పెట్టుకున్న లక్ష్యం), మా విలువలు అంటూ నాలుగు పేజీలున్నాయి. ఆ మాటలకు నిజంగా అర్థముందా, మతం వల్ల చదువు దెబ్బతింటుందా, అమ్మాయి అక్కడ పరాయిదానిలా మిగిలిపోతుందా అన్నది మీ టెన్షన్.

నేను ఇలాంటి సంస్థల్లో ముప్ఫై ఏళ్ళు పనిచేశాను. మొదట కెమిస్ట్రీ చెప్పాను, తర్వాత అడ్మిషన్లు, పరిపాలన చూశాను. మిషన్ స్టేట్‌మెంట్ తిరగరాసే కమిటీలో రెండుసార్లు కూర్చున్నాను. నేను క్రైస్తవ విశ్వాసిని. అది కూడా ముందే చెప్తున్నాను, నా మాటలను ఆ లెక్కలోనే తీసుకోండి.

సూటిగా చెప్పాలంటే, ఆ మాటలకు అర్థం ఉండొచ్చు, లేకపోనూ వచ్చు. ఆ నాలుగు పేజీలు ఎన్నిసార్లు చదివినా అది తేలదు. తేలేది మూడు చోట్ల: సంస్థను నడిపే బోర్డులో ఎవరు కూర్చుంటారు, అధ్యాపకుల్ని ఏ షరతు మీద తీసుకుంటారు, చెప్పుకున్న విలువ వల్ల తమకే నష్టం వచ్చినప్పుడు సంస్థ ఏం చేసింది. ఈ మూడూ కనుక్కోవడం కష్టమేమీ కాదు, అడిగితే చెప్తారు. చెప్పకపోతే అదీ ఒక జవాబే.

ముందు వారసత్వం సంగతి. సంస్థ వయసు చూసి మోసపోకండి. హార్వర్డ్ 1636లో మొదలైంది, చర్చిలకు చదువుకున్న పాస్టర్లు కావాలన్నది దాన్ని పెట్టినవాళ్ళ ముఖ్య ఉద్దేశాల్లో ఒకటి. చాలాకాలం దాని ముద్ర మీద "క్రీస్తుకూ సంఘానికీ" (అంటే చర్చికీ) అన్న లాటిన్ మాట ఉండేది. ఇవాళ "సత్యం" అన్న ఒక్క మాటే కనిపిస్తుంది. ఆక్స్‌ఫర్డ్ నినాదం ఇప్పటికీ బైబిల్లో 27వ కీర్తనలోని మొదటి మాటే, "యెహోవా నాకు వెలుగు". అయినా ఆ రెంటినీ ఎవరూ క్రిస్టియన్ యూనివర్సిటీలని పిలవరు. ముద్రలు, నినాదాలు, చాపెల్ (క్యాంపస్‌లోని ప్రార్థన మందిరం) గోపురాలు ఎక్కడికీ పోవు. వాటిని నిలబెట్టిన మనుషులు మారిపోతారు.

ఆక్స్‌ఫర్డ్‌లో ఇంకో సంగతి కూడా తెలుసుకోవాలి. 1854 దాకా అక్కడ చేరాలంటే ఇంగ్లండ్ చర్చి విశ్వాస సూత్రాలకు సంతకం పెట్టాల్సిందే. ఇంకో శాఖకు చెందిన క్రైస్తవుడైనా సరే, సంతకం పెట్టకపోతే లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు. ఈ షరతులు చాలావరకు చట్టం ద్వారా పోయింది 1871లో. కాబట్టి "మాది శతాబ్దాల క్రైస్తవ వారసత్వం" అని ఎవరైనా అంటే, నేను వెంటనే సంతోషపడను. ఆ వారసత్వంలో తలుపు ఎవరికి తెరిచారు, ఎవరికి మూశారు అని అడుగుతాను.

దీనికి ఎదురుగా బెంగాల్‌లో, అప్పట్లో డెన్మార్క్ చేతిలో ఉన్న సెరాంపూర్‌ను పెట్టి చూడండి. 1818లో కేరీ, మార్ష్‌మన్, వార్డ్ అనే ముగ్గురు బాప్టిస్టు మిషనరీలు కాలేజీ పెట్టారు. క్రైస్తవ యువకులకే కాదు, ఇతరులకూ అన్నారు. తూర్పు దేశాల సాహిత్యమూ యూరప్ విజ్ఞానమూ రెండూ నేర్పుతామన్నారు. 1827లో డెన్మార్క్ రాజు డిగ్రీలిచ్చే అధికారంతో చార్టర్ ఇచ్చాడు. కేరీ చిన్నప్పుడు నేర్చుకున్న పని చెప్పులు కుట్టడం. తర్వాత మొక్కల శాస్త్రం మీద పనిచేశాడు, 1814లో తెలుగు వ్యాకరణం అచ్చువేశాడు. తన విశ్వాసాన్ని దాచుకోలేదు, ఎదుటివాడి భాషనూ తక్కువ చేయలేదు. క్రైస్తవ విద్య అంటే నా మనసులో మెదిలే మొదటి బొమ్మ అదే.

వారసత్వంలో పాపం కూడా ఉంటుంది. అది చెప్పకుండా వ్యవస్థాపకుల ఫొటోలు వరసగా పెడితే అది సగం చరిత్రే. 1838లో అమెరికాలోని మేరీలాండ్ జెస్యూట్లు (ఒక కాథలిక్ సన్యాసుల సంఘం) తమ తోటల్లో బానిసలుగా ఉంచుకున్న 272 మందిని లూసియానాలోని తోటల యజమానులకు అమ్మేశారు. వచ్చిన డబ్బులో కొంత జార్జ్‌టౌన్ కాలేజీ అప్పులు తీర్చడానికి పోయింది. అమ్మినవాళ్ళలో పాలు తాగే బిడ్డలు కూడా ఉన్నారు. ఇప్పుడు యూనివర్సిటీ అయిన ఆ కాలేజీ 2017లో బహిరంగంగా క్షమాపణ చెప్పింది. ఆ 272 మంది వంశస్థులకు అడ్మిషన్లో ప్రత్యేక పరిగణన ఇస్తామని అంతకు ముందే ప్రకటించింది. ఒక భవనానికి ఐజాక్ హాకిన్స్ పేరు పెట్టింది. అమ్మకపు పత్రంలో మొట్టమొదట రాసి ఉన్న పేరు అది. అది సరిపోతుందా అంటే నేను సరిపోతుందనను. కానీ తమ పాపం ఒప్పుకోవడమనేది క్రైస్తవ విశ్వాసంలోనే ఉన్న మాట, ఒక సంస్థ అది చేయగలిగిందంటే వారసత్వం అన్న మాటకు అక్కడ ఇంకా ప్రాణముందని అర్థం. మీరు చూస్తున్న యూనివర్సిటీ చరిత్ర పేజీలో ఒక్క తప్పు కూడా కనిపించకపోతే కొంచెం జాగ్రత్తగా చదవండి.

మిషన్ దగ్గరకు వద్దాం. నేను కూర్చున్న రెండో కమిటీ తొమ్మిది నెలలు నడిచింది. పాత మిషన్ వాక్యంలో క్రీస్తు పేరు, సేవ అన్న మాట ఉండేవి. బయటినుంచి పిలిపించిన సలహాదారు దాన్ని "ప్రపంచస్థాయి నాయకులను తీర్చిదిద్దడం" అని మార్చమన్నారు. గదిలో సగం మందికి అది నచ్చింది, నాక్కూడా వినడానికి బాగానే అనిపించింది. మాతోపాటు ఒక లైబ్రేరియన్‌గారు ఉండేవారు, మీటింగుల్లో పెద్దగా మాట్లాడేవారు కాదు. ఆవిడ ఆ ముసాయిదా కాగితం తీసుకుని, మా యూనివర్సిటీ పేరు మీద పెన్సిల్‌తో గీత కొట్టి, మా ఊళ్ళోనే ఉన్న ఇంకో సంస్థ పేరు రాసి, పక్కవాళ్ళకు అందించారు. "ఇప్పుడు చదవండి, ఎక్కడైనా తప్పుగా అనిపిస్తోందా?" అని అడిగారు. ఎక్కడా తప్పుగా అనిపించలేదు. కాగితం బల్ల చుట్టూ తిరిగి మళ్ళీ ఆవిడ దగ్గరకే వచ్చింది. ఆ వాక్యాన్ని మేము వదిలేశాం.

మీరు కూడా అదే చేయండి. ప్రాస్పెక్టస్‌లోని మిషన్ వాక్యంలో పేరు మార్చి చదవండి. ఏ యూనివర్సిటీకైనా సరిపోయే మాటైతే అది మిషన్ కాదు, ప్రకటన. నిజమైన మిషన్ సంస్థ చేతులు కొంత కట్టేస్తుంది. ఫలానా పని లాభం లేకపోయినా చేస్తాం, ఫలానా పని ఎంత లాభమొచ్చినా చేయం అని అందులోంచి తేలాలి.

దానికి నాకు తెలిసిన గట్టి ఉదాహరణ తమిళనాడులోని వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ. దాన్ని మొదలుపెట్టిన ఐడా స్కడర్ మిషనరీ డాక్టర్ కూతురు. యువతిగా ఉన్నప్పుడు ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్ళు వేరువేరుగా వచ్చి తలుపు తట్టారు. ముగ్గురి భార్యలూ కాన్పు కష్టంలో ఉన్నారు. మగ డాక్టర్ చేయి వేయడానికి వాళ్ళ ఆచారం ఒప్పుకోదు, ఐడాకు వైద్యం రాదు. తెల్లారేసరికి ముగ్గురు స్త్రీలూ చనిపోయారు. ఆమె వెళ్ళి డాక్టర్ చదివి, తిరిగొచ్చి 1900లో ఒక్క మంచంతో వైద్యం మొదలుపెట్టింది, 1918లో స్త్రీలకోసం మెడికల్ స్కూలు తెరిచింది. ఈ కథ చాలామందికి తెలుసు. నాకు అంతకంటే ముఖ్యంగా అనిపించేది తర్వాతి సంగతి. అక్కడి సీట్లలో చాలావాటికి చర్చిల, మిషన్ ఆసుపత్రుల స్పాన్సర్‌షిప్ ఉంటుంది. అలా చేరినవాళ్ళు చదువయ్యాక కొంతకాలం ఆ ఆసుపత్రుల్లో, తరచుగా మారుమూల చోట్ల, పనిచేయాలి. "పరిచారము చేయించుకొనుటకు కాదు, పరిచారము చేయుటకు" అన్న బైబిల్లోని మార్కు సువార్త మాటే ఆ సంస్థ నినాదం. ఆ మాట గోడ మీదే ఆగిపోకుండా అడ్మిషన్ షరతుల్లోకి, విద్యార్థి సంతకం పెట్టే కాగితంలోకి దిగింది. మిషన్ అంటే నేను వెతికేది ఇదే.

మరి మిషన్ ఎలా జారిపోతుంది? చాలామంది అనుకుంటారు, ఎవరో నాస్తికులు వచ్చి కూలగొడతారని. నేను చూసినంతవరకు అలా జరగదు. డబ్బు దగ్గర మొదలవుతుంది. 1905లో అమెరికా ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ కోటి డాలర్లు పెట్టి అమెరికా, కెనడాల్లోని కాలేజీ ప్రొఫెసర్లకు పెన్షన్ నిధి ఏర్పాటు చేశాడు. ఒక చర్చి అదుపులో ఉన్న కాలేజీలకు అది వర్తించదన్నారు. అప్పట్లో ప్రొఫెసర్లకు రిటైరయ్యాక ఆధారం ఉండేది కాదు, పాపం వాళ్ళ కష్టం వాళ్ళది. కొన్ని కాలేజీలు తమ నిబంధనలు మార్చుకుని చర్చితో ఉన్న చట్టపరమైన బంధాన్ని తెంచుకున్నాయి. విశ్వాసం వద్దనుకుని ఎవరూ చేయలేదు, మంచి ఉద్దేశంతోనే చేశారు. కానీ బోర్డులో చర్చి ప్రతినిధులు లేకుండా పోయాక, ఒక తరం గడిచేసరికి, మనం ఎందుకు ఉన్నాం అని అడిగేవాళ్ళు ఆ గదిలో మిగల్లేదు.

రెండో దారి ఉద్యోగాల భర్తీ. ప్రతిసారీ "ఈ ఒక్క పోస్టుకు సబ్జెక్టు బాగా వచ్చినవాళ్ళు చాలు, మిషన్ సంగతి తర్వాత చూద్దాం" అంటారు. ఆ ఒక్క పోస్టుకు ఆ మాట న్యాయంగానే ఉంటుంది. ఇరవై ఏళ్ళు అదే జరిగితే సంస్థ వేరే సంస్థ అయిపోతుంది. కాథలిక్ యూనివర్సిటీల గురించి పోప్ రెండో జాన్ పాల్ 1990లో ఇచ్చిన శాసనంలో, కాథలిక్కులు కాని అధ్యాపకులు మెజారిటీ కాకుండా చూసుకోమని ఉంది. చాలామందికి అది సంకుచితంగా కనిపించింది. నాకు దాని వెనక ఉన్న భయం అర్థమవుతుంది. అయితే అదే శాసనం అధ్యాపకుల విద్యా స్వేచ్ఛను, ఇతర విశ్వాసాలవాళ్ళ మనస్సాక్షి స్వేచ్ఛను కాపాడాలని కూడా చెప్తుంది. ఆ సగం వదిలేసి ఈ సగమే ఎత్తి చూపేవాళ్ళు రెండు వైపులా ఉన్నారు.

ఇక్కడ మీకు పనికొచ్చే సంగతి ఒకటి. క్రిస్టియన్ యూనివర్సిటీలన్నీ ఒకే రకం కావు. కొన్నిటిలో ప్రతి అధ్యాపకుడూ విశ్వాస ప్రమాణం మీద సంతకం పెట్టాలి, కొన్నిటిలో విద్యార్థి కూడా పెట్టాలి. కొన్నిటిలో సగం మందో, ముఖ్యమైన పదవుల్లో ఉన్నవాళ్ళో విశ్వాసులైతే చాలు, మిగతా అందరికీ తలుపు తెరిచే ఉంటుంది. ఇంకొన్నిటిలో పేరు, చాపెల్, చాప్లిన్ (క్యాంపస్ పాస్టర్) మాత్రమే మిగిలాయి. మూడింటి ప్రాస్పెక్టస్‌లలోనూ ఒకేలాంటి మాటలుంటాయి. మీ అమ్మాయికి సీటొచ్చింది ఏ రకమో ముందు కనుక్కోండి. క్రైస్తవేతర కుటుంబానికి రెండో రకం బాగా సరిపోతుందని నా అనుభవం. మూడోదానికన్నా అదే మేలంటాను. తన విశ్వాసం ఏమిటో స్పష్టంగా తెలిసిన సంస్థ ఎదుటివాళ్ళ విశ్వాసాన్ని కూడా సీరియస్‌గా తీసుకుంటుంది.

విలువల గురించి రాయాలంటే నాకు ఒక కౌంటర్ గుర్తొస్తుంది. నేను పనిచేసిన ఒక చోట (పేరు అక్కర్లేదు) ఫీజు కౌంటర్ పైన గోడ మీద "కరుణ" అని పెద్ద అక్షరాలు ఉండేవి. గడువు దాటిన మర్నాడు ఒక అబ్బాయి వచ్చాడు. అద్దానికున్న చిన్న కంతలోంచి కాగితం లోపలికి తోశాడు. అది వాళ్ళ నాన్న మరణ ధృవీకరణ పత్రం. క్లర్క్ దాన్ని చదివాడు, రెండోసారి కూడా చదివాడు, మడత మళ్ళీ అలాగే పెట్టి బయటికి తోసేశాడు. "నా చేతుల్లో లేదు బాబూ" అన్నాడు. నేను వరండాలో పక్కనే నిలబడి ఉన్నాను. క్లర్క్ కఠినుడేమీ కాదు, ఆ మాట అనేటప్పుడు ఆయన ఆ అబ్బాయి మొహంలోకి చూడలేకపోయాడు. నిజంగానే ఆయన చేతుల్లో లేదు. గడువు పొడిగించాలంటే మూడు సంతకాలు కావాలి, అందులో ఒకటి ఊళ్ళో లేని మనిషిది.

ఆ అబ్బాయి పని ఆ సాయంత్రానికి అయింది, నేనే తిరిగి చేయించాను. కానీ నేను పక్కన లేకపోతే? ఆ ప్రశ్నే నన్ను వదల్లేదు. తర్వాతి ఏడాది మేము ఒకే ఒక్క రూలు మార్చాం: కౌంటర్లో కూర్చున్నవాళ్ళు ఎవర్నీ అడగకుండా పది రోజుల గడువు ఇవ్వొచ్చు, కారణం ఒక రిజిస్టర్‌లో రాస్తే చాలు. దుర్వినియోగం అవుతుందని చాలామంది భయపడ్డారు. ఏడాది చివర ఆ రిజిస్టర్ తెరిచి చదివాను. దాదాపు ప్రతి లైనూ ఒక ఇంటి కష్టం. విలువ అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది: కింది స్థాయి ఉద్యోగి చేతిలో దానికి తగ్గ అధికారం ఉండాలి. అందుకే మీరు క్యాంపస్‌కు వెళ్ళినప్పుడు వైస్ ఛాన్సలర్‌తో మాట్లాడటం కన్నా హాస్టల్ వార్డెన్‌తో, ఆఫీసు క్లర్క్‌తో మాట్లాడండి. "ఒక విద్యార్థికి ఇంట్లో పెద్ద కష్టం వస్తే మీరు ఏం చేయగలరు?" అని అడగండి.

సంస్థ స్థాయిలో విలువకు పరీక్ష ఎలా వస్తుందో చెప్పడానికి బెరియా కాలేజీ ఉంది. 1855లో అమెరికాలోని కెంటకీలో జాన్ ఫీ అనే పాస్టర్ మొదలుపెట్టాడు. దేవుడు మనుషులందర్నీ ఒకే రక్తం నుంచి పుట్టించాడన్న బైబిల్లోని అపొస్తలుల కార్యముల మాట దాని పునాది. బానిసత్వం ఇంకా ఉన్న రాష్ట్రంలో ఆ మాట అన్నందుకు వాళ్ళను కొన్నాళ్ళు తరిమేశారు కూడా. అంతర్యుద్ధం తర్వాత నల్లజాతి, తెల్లజాతి విద్యార్థులు ఒకే తరగతిలో చదివారు. 1904లో రాష్ట్రం అలా కలిపి చదివించడం నేరమని చట్టం చేసింది. కాలేజీ సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1908లో ఓడిపోయింది. తర్వాత నల్లజాతి విద్యార్థులకోసం వేరే విద్యాసంస్థ ఏర్పడటానికి నిధులు సమకూర్చింది. 1950లో చట్టం సవరించగానే మళ్ళీ తలుపు తెరిచింది. మధ్యలో ఆ నలభై ఆరేళ్ళలో "ఒకే రక్తం" అన్న ఆ పునాది వాక్యం చదువుకోవడం వాళ్ళకు ఎంత బాధగా ఉండి ఉంటుందో. ఇంకో సంగతి, అక్కడ 1892 నుంచి ట్యూషన్ ఫీజు తీసుకోరు. ప్రతి విద్యార్థీ వారానికి కనీసం పది గంటలు క్యాంపస్‌లో ఏదో ఒక పని చేయాలి.

చదువు దెబ్బతింటుందా అన్న మీ భయానికి వస్తాను. సైన్స్ మనిషిగా చెప్తున్నాను, మంచి క్రిస్టియన్ యూనివర్సిటీలో కెమిస్ట్రీ కెమిస్ట్రీగానే ఉంటుంది. నేను క్లాసులో ఎప్పుడూ బైబిలు వచనంతో ఈక్వేషన్ నిరూపించలేదు. సృష్టిలో క్రమం ఉందని నమ్మడం వల్లే నేను ల్యాబ్‌లో కొలత విషయంలో పట్టుదలగా ఉండేవాణ్ణి. రీడింగ్ దిద్దిన నోట్‌బుక్ తెచ్చినవాణ్ణి వెనక్కి పంపేవాణ్ణి, ఎందుకంటే అది అబద్ధం కాబట్టి. అయితే అన్ని చోట్లా ఇలా ఉంటుందని హామీ ఇవ్వలేను. పరిణామ సిద్ధాంతాన్ని బయాలజీలో పూర్తిగా చెప్తారా, అధ్యాపకుడు పరిశోధనలో తేలినది రాస్తే ఉద్యోగం పోయే పరిస్థితి ఉందా, ఈ రెండూ అడగండి. మీ దేశంలోని గుర్తింపు సంస్థ ఆ యూనివర్సిటీ గురించి ఇచ్చిన రిపోర్టు కూడా చూడండి. ప్రార్థన బాగా చేస్తారని ల్యాబ్ బాగుంటుందనుకోకూడదు. భక్తి పేరు చెప్పి నాసిరకం చదువు చెప్పడం పిల్లల పట్ల, దేవుడి పట్ల కూడా అన్యాయమే. ఈ విషయంలో నాకు రాజీ లేదు.

మీ అమ్మాయి పరాయిదానిలా ఉంటుందా? నా క్లాసుల్లో అన్ని మతాల పిల్లలూ చదివారు. వాళ్ళు ఇబ్బంది పడ్డ సందర్భాలు దాదాపు అన్నీ ఒకే రకం: చేరాక తెలిసిన రూలు. చాపెల్‌కు హాజరు తప్పనిసరా, దానికి మార్కులున్నాయా, బైబిలు కోర్సు కంపల్సరీ పేపరా, దుస్తులు, నడవడి మీద సంతకం పెట్టే నియమావళి ఏమిటి, ఇవన్నీ ఫీజు కట్టకముందు కాగితం మీద చూడండి. హాజరు తప్పనిసరి అయినా చాలామంది పిల్లలకు అభ్యంతరం ఉండదు, కూర్చుని వింటారు. మతం మారమని ఒత్తిడి చేస్తే మాత్రం ఎవరికి ఫిర్యాదు చేయాలో, ఆ మనిషి చాప్లిన్ ఆఫీసుకు బయటి మనిషేనా కాదా, అది కచ్చితంగా తెలుసుకోండి. భయపెట్టి, ఆశపెట్టి తెచ్చిన విశ్వాసాన్ని మా విశ్వాసమే ఒప్పుకోదు, అందుకని ఈ మాట అడగడానికి మొహమాటపడకండి.

వీలైతే ఆమెను ఒక మామూలు రోజు క్యాంపస్‌కు తీసుకెళ్ళండి, ఓపెన్ డే రోజున కాదు. మధ్యాహ్నం లైబ్రరీలో ఒక గంట కూర్చోనివ్వండి. తన మతానికే చెందిన సీనియర్ అమ్మాయి ఎవరైనా ఉంటే, మీరు పక్కన లేకుండా ఇద్దర్నీ మాట్లాడుకోనివ్వండి. నియమావళి కాగితం దొరికాక అందులో అర్థం కానివి ఉంటే ఇక్కడ రాయండి, చూసి చెప్తాను.